పదకొండో మంచం లెక్కల పుస్తకం

అది ఒకటో తరగతి కాపీ పుస్తకం. మొదటి నాలుగు పేజీల్లో గుండ్రటి అ, ఆలు. ఐదో పేజీ నుంచి రాత మారింది. 'పొద్దున 6కు 98.8. నీళ్లు రెండు గ్లాసులు. వాంతి ఒకసారి. కాలు నొప్పి.' అక్షరాలు దిద్దుతుండగానే జ్వరం వచ్చి ఎంతకీ వదలని ఆరేళ్ల బాబుది ఆ పుస్తకం. తర్వాతి రాత వాళ్లమ్మది. ఏడో తరగతిలో బడి మానేశాక ఆమె మళ్లీ కలం పట్టింది ఈ ఆస్పత్రి వార్డులోనే.

హైదరాబాద్‌లో లకడీకాపూల్ నుంచి రెడ్‌హిల్స్ వైపు మళ్లితే నిలోఫర్, ఎంఎన్‌జే ఆస్పత్రుల దారిలో చంకన పిల్లాడు, చేతిలో ఫైలుతో నడిచే తల్లిదండ్రులు ఏ పూటైనా కనిపిస్తారు. నేను వెళ్లింది మాత్రం నగరంలోనే మరో ఆస్పత్రికి. దాని పేరు, మనుషుల పేర్లు రాయనని వార్డులో మాట ఇచ్చాను.

చెప్పులు బయట విడిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాకే లోపలికి రానిచ్చారు. మంచానికి ఒక్కరే తోడుండాలి. ఆ ఒక్కరికే పాసు. పగలు కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూలు, రాత్రి నడుం వాల్చడానికి మంచం పక్కన చాప. పిల్లాడి నాన్న తాపీ పని చేస్తాడు. ఆదివారం వచ్చి, మెట్ల దగ్గర పాసు మార్చుకుని ఓ గంట కొడుకు పక్కన కూర్చుని వెళ్తాడు. కూతురు ఊళ్లో అమ్మమ్మ దగ్గరుంది. 'ఫోన్ల మాట్లాడితే అది ఏడుస్తది సారూ, అందుకే ఎక్కువ చెయ్యను' అందామె, సెలైన్ చుక్కల మీద నుంచి చూపు తిప్పకుండానే.

బాబుకు వచ్చింది పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్. మొదటి విడత వైద్యం దాదాపు నాలుగు వారాలు. మొత్తం పూర్తయ్యేసరికి రెండు నుంచి మూడేళ్లు. ఈ మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఒంట్లో ఉన్న రక్షక కణాలనూ ఊడ్చేస్తాయి. 'కౌంట్ పడిపోయింది' అని వార్డులో అనేది దాన్నే. అలాంటప్పుడు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించాలి. అర్ధరాత్రి ఆ వేడిని మొదట పసిగట్టేది డాక్టరు కాదు, చాప మీద పడుకున్న మనిషి. ఆ కాపీ పుస్తకాన్ని రౌండ్స్‌కు వచ్చే డాక్టరమ్మ కేస్ షీట్‌తో పాటు అడిగి మరీ చూస్తుంది.

స్టెరాయిడ్ మొదలయ్యాక పిల్లాడి ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆకలి చెప్పనలవి కాదు. 'రాత్రి రెండు గొట్టంగ లేపి పప్పుచారు కావాలంటడు. తెల్లారనీ బిడ్డా అంటే గోడ దిక్కు తిరిగి పంటడు.' మొదట్లో మొండితనం అనుకుని ఒకసారి కసిరిందట. అది మందు ఆకలని నర్సు చెప్పినప్పటి నుంచి ఫ్లాస్కులో రాగిజావ సిద్ధంగా ఉంచుతోంది. ఇన్ఫెక్షన్ భయంతో చల్లారిన కూరలు, కోసి పెట్టిన పండ్లు దగ్గరికి రానివ్వదు. చుట్టాలు తెచ్చిన ద్రాక్షపండ్లను గుమ్మం దగ్గరే తిప్పి పంపితే వాళ్లకు కోపం వచ్చింది. వచ్చినా లెక్కచేయలేదు.

పిల్లాడి కాళ్ల నొప్పులకు ఒక కారణం విన్‌క్రిస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసే మందు. ఈ మాట చెబితే ఆమె నమ్మలేదు. 'మా ఇంటి ముంగట మస్తుగుంటది. మేకలు సుత ముట్టవు దాన్ని.' ముట్టవు, చేదు, విషం కూడా. ఆకు పసరు తాగిస్తే సరిపోతుందని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఊరికొకరు ఉంటారు కాబట్టి ఇక్కడే చెప్పాలి. బండ్ల కొద్దీ ఆకును శుద్ధి చేస్తే గానీ చిటికెడు మందు రాదు. ఇంట్లో నూరుకునే సరుకు కాదది.

పదకొండు గంటలకు వెన్నులో సూది. తిరిగొచ్చాక పిల్లాడు కాసేపు వెల్లకిలా, తల ఎత్తకుండా పడుకోవాలి. ఆరేళ్లవాణ్ణి కదలకుండా ఉంచడం ఎంత కష్టమో ఆ గంటలో చూశాను. పైన తిరిగే ఫ్యాన్‌కు మూడు రెక్కలు. ఒక్కో రెక్కకు ఒక్కో పేరు పెట్టింది తల్లి: ఒకటి అక్క, ఒకటి బర్రెదూడ, ఒకటి బాపు. ఎవరు ముందు ఉరుకుతున్నారో చెప్పమంది. వాడు కళ్లు తిప్పాడే గానీ తల కదపలేదు. బర్రెదూడే గెలిచింది.

ఆ సూదిలో ఎక్కించింది పసుపుపచ్చటి మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో మనవాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకుడిగా ఉన్నప్పుడు ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు అక్కడ తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ జబ్బు పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలమైనా ఊరట దొరికిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ కూడా ఆ కోవదే. ఆనాడు ఈ జబ్బు పిల్లలు నెలల్లోనే పోయేవాళ్లు. ఇవాళ మంచి వైద్యం చివరిదాకా అందే చోట పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు.

అసలు చిక్కు ఆ 'చివరిదాకా'లోనే ఉంది. నెల తిరిగేసరికి పిల్లలు లేచి ఆడుకుంటారు. నయమైందనుకుని కొందరు ఊరెళ్లి, మళ్లీ రారు. అందరిదీ అజ్ఞానం అనలేం. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి బిల్లు మోస్తుంది కానీ, పోయిన కూలి మోయదు. గది అద్దె, ఇంకో బిడ్డ బడి, అప్పుల వాళ్ల ఫోన్లు అందులోకి రావు. ఈ పిల్లాడి తండ్రి బైకు అమ్మేశాడు. ఇంకేం అమ్మాలో మంచం దగ్గర మాట్లాడుకోరు. ఆ లెక్కలు మెట్ల దగ్గర జరుగుతాయి.

సాయంత్రం పన్నెండో మంచానికి కొత్త పాప వచ్చింది. వాళ్లమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తూ, తీస్తూ ఉంది. పదకొండో మంచం తల్లి లేచి వెళ్లింది.

'చెయ్యితోని తెల్వదక్కా. గిది పెట్టు' అని తన థర్మామీటర్ తుడిచి ఇచ్చింది. 'రేపు కింద మందుల షాపుల కొనుక్కో. ఓ పుస్తకం సుత తెచ్చుకో.'

'ఏం రాయాలె?' అంది ఆమె.

'ముందుగాల టైము రాయి.'