జైలు గేటు దాటిన తరువాత



క్రిస్మసు దినములలో మన సంఘములు జైళ్లకు వెళ్తాయి. పాటలు పాడి, వాక్యము చెప్పి, పండ్లు, కేకులు పంచి వస్తాము. మత్తయి సువార్త 25వ అధ్యాయములో ప్రభువు మెచ్చుకున్న పరిచర్య అది. అయితే అదే మనిషి శిక్ష ముగించుకొని బయటికి వచ్చిన నాడు అతని కోసము ఎవరు నిలబడతారు? మా సంఘములోని ఒక సహోదరుని వలన ఈ ప్రశ్న మా గడపలోనికే వచ్చింది.

పొలము గట్టు తగాదాలో అతడు ఆవేశపడి కొట్టిన దెబ్బకు ఒక ప్రాణము పోయింది. శిక్ష పడింది. రాజమండ్రి సెంట్రల్ జైలులో వడ్రంగము నేర్చుకున్నాడు. తలుపు చేయమన్నా, బల్ల చేయమన్నా చేయగలడు. కాని చేతిలో పని ఉన్నంత మాత్రాన పిలిచి పని ఇచ్చేవారు లేరు. వాచ్‌మన్ ఉద్యోగానికి వెళ్తే పోలీసు సర్టిఫికెట్ అడిగారు. కూలికి పిలవడానికి రైతులు జంకారు. “అయ్యగారూ, సొంత కొట్టయితే ఆ కాగితము అడిగేవారుండరు” అని అతడే మాతో అన్నాడు.

సహాయము చేయకముందు మేము, సంఘ పెద్దలు కలిసి మరొక ఇంటికి వెళ్లాము. చనిపోయిన సహోదరుని భార్య కూడ మా సంఘస్థురాలే. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “వాడు బ్రతకొద్దని నేననను, అయ్యగారూ. కాని పొద్దున లేస్తే వాడి మొహము చూడలేను” అన్నది. ఆ దినము మేము క్షమాపణ గురించి ప్రసంగము చేయలేదు. ఆమె మాటను బట్టి కొట్టు మా ఊరిలో కాక మండల కేంద్రములో పెట్టించాలని నిర్ణయించాము. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యము అమ్మి కూడబెట్టిన సొమ్ములో మొదటి భాగము ఆమె కూతురి చదువుకు వెళ్లింది. రెండవ భాగమే అతని పనిముట్లకు.

ఆ 12 వేలు దానముగా ఇవ్వలేదు, అప్పుగా ఇచ్చాము. నెలకు 500 చొప్పున తీర్చాలి, పుస్తకములో వ్రాయాలి. దానము తీసుకున్నవాడు తల వంచుకొని తిరుగుతాడు. అప్పు తీర్చినవాడు తల ఎత్తుకొని నడుస్తాడు.

ఇంతలో బ్యాంకు పని మొదలుపెట్టాము. 2015లో వచ్చిన ముద్రా పథకములో ‘శిశు’ తరగతి క్రింద 50 వేల వరకు తాకట్టు లేకుండ అప్పు ఇస్తారు. కాని రెండేళ్లకు పైగా లావాదేవీలు లేక అతని బ్యాంకు ఖాతా ఆగిపోయింది. రేషను కార్డులో పేరు లేదు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఇప్పుడు లేదు. ఆ కాగితములు సరిచేయించడానికే రెండు నెలలు పట్టింది. చదువు వచ్చిన యవనస్థుడొకడు వెంట తిరగకపోతే అతడు సగములోనే మానుకొనేవాడు.

కొట్టు యజమాని, “రేపు ఏదైనా జరిగితే నాకు జవాబు ఎవరు చెప్తారు?” అని అడిగాడు. ఇద్దరు పెద్దలు సంతకము చేశారు. ఫిలేమోను పత్రిక మాకు ఆనాడు బాగా అర్థమయింది. పౌలు ఒనేసిమును చేర్చుకొనుమని వేడుకొని ఊరుకోలేదు. అతని బాకీ తన లెక్కలో వేసుకొమ్మని తన చేతితోనే వ్రాసి ఇచ్చాడు. వ్రాసినవాడు తానే బంధకములలో ఉన్నాడు.

పెట్టుబడి కంటె కష్టమైనది గిరాకీ. సంఘమునకు నాలుగు బల్లలు చేయించాము. ఆ తరువాత ఆరు వారములు ఎవరూ రాలేదు. చివరకు ఒక మాస్టారు ఇంటి తలుపు పని ఇచ్చారు. అది చూసి పక్కింటివారు కిటికీలు చేయించుకున్నారు. బజారులో ఏ వస్తువు పోయినా ముందు ఇతనినే అడుగుతారు. అప్పుడు పెద్దలలో ఒకరు వెంట వెళ్లాలి.

ఈ పరిచర్య వేరే దేశములలోను ఉన్నది. వాటర్‌గేట్ వ్యవహారములో 1974లో జైలుకు వెళ్లిన చార్లెస్ కోల్సన్, బయటికి వచ్చి 1976లో ప్రిజన్ ఫెలోషిప్ స్థాపించారు. అమెరికాలోని టెక్సాసులో 2004 నుండి ఒక సంస్థ ఖైదీలకు జైలులోనే వ్యాపారము నేర్పి, విడుదల తరువాత కూడ వారికి తోడుగా నడుస్తున్నది. ఆ తోడు మన పల్లె సంఘములు కూడ ఇవ్వగలవు.

నేడు ఆ సహోదరుడు సంఘమునకు అప్పు తీర్చివేశాడు. మండల కేంద్రములోని సంఘములోనే ఆరాధనకు వెళ్తాడు. ఆ సహోదరి ఇంకా అతనితో మాట్లాడలేదు. మేము తొందరపెట్టము. ఆమె హృదయములో చేయవలసిన పని దేవునిది. ఆమె బిడ్డ చదువు, అతని కొట్టు మాత్రము మన పని.

ప్రియులారా, మీ ఊరికి అటువంటి మనిషి తిరిగి వస్తే, ముందు నష్టపోయిన ఇంటికి వెళ్లండి. తరువాత ఇతనికి హామీగా నిలబడండి. అన్నిటికంటె ముఖ్యముగా, మీ ఇంటి తలుపు పని అతనికివ్వండి. దేవుడు మన సంఘములకు అట్టి ధైర్యము దయచేయును గాక. ఆమెన్.