సింగారి పొయ్యలేదు, సోరింది

మన ఇంట్లో కుక్కల గురించి రాసినవాళ్ళు ఇంతవరకు లేరు. ముత్తాత చెరువు కింది మడి, ములబాగిలు సంత, ఎవరి పెళ్ళి ఎప్పుడయింది, ఇవే. పోయిన వారం చిన్నాయన ఫోన్ చేసి "మా జూలీకి ఆపరేషన్ వద్దులే, మీ సింగారి గతే పడుతుంది" అన్నాడు. అందుకే ఇది.

సింగారి నాటుకుక్క, ఆరేళ్ళది, 24 కిలోలు. ఏడాది దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. నాలుగేళ్ళు ఏ బాధా లేదు. పోయిన దీపావళి తర్వాత అది పడుకొని లేచిన చోట అరచెయ్యంత తడి కనిపించడం మొదలయింది. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం ఎప్పటిలాగే బయటికి పోయి కూర్చొని పోసేది.

అవ్వకి కోపం వచ్చింది. దాని చోటు దేవుని గది పక్కనే కదా. "వయసొచ్చిన కుక్క, ఇంట్లోనే ఉచ్చ పోస్తా ఉండాది. దొడ్లో కట్టెయ్యే" అంది.

నేను బడిలో చదివింది కన్నడం, తెలుగు ఇంట్లో విన్నదే. ఈ మాట రెండింట్లోనూ ఒకటే: మనకి ఉచ్చ, వాళ్ళకి ఉచ్చె. పొయ్యడం వేరు, కారడం వేరు అనేది కూడా రెండింట్లోనూ ఉంది. కన్నడంలో సోరువుదు అంటారు, మన ఊరి తెలుగులోనూ వానొస్తే మిద్దె సోరుతుంది. "అది పొయ్యలేదవ్వా, సోరుతా ఉండాది. దానికే తెలీదు" అన్నాను. అవ్వ కాసేపు ఊరుకొని, "మిద్దె సోరితే మిద్దెని కొడతామా ఏమి" అంది. దొడ్డి మాట మళ్ళీ ఎత్తలేదు.

నా ఉద్యోగమే టెస్టింగ్ కాబట్టి రెండు వారాలు అన్నీ రాసిపెట్టాను. ఎన్ని గంటలకి, నిద్రలోనా మెలకువలోనా, ఎన్ని నీళ్ళు తాగింది. పశువుల డాక్టర్ ఆ కాగితమే ముందు చూశారు. నీళ్ళు ఎక్కువ తాగి ఎక్కువ పోసే కుక్కకి చక్కెర జబ్బో మూత్రపిండాల జబ్బో ఉండొచ్చు. ముక్కుతూ కొంచెం కొంచెం పోస్తుంటే, రక్తం పడుతుంటే, ఇన్ఫెక్షనో రాళ్ళో చూడాలి. మూత్రం పరీక్షలో, స్కానింగ్‌లో సింగారికి అవేవీ కనపడలేదు.

జరిగేది ఇదీ. ఆపరేషన్లో అండాశయాలు తీసేస్తారు, ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. మూత్రనాళాన్ని బిగించి పట్టుకునే కండరానికి బిగువు రావడంలో ఆ హార్మోన్‌కీ పాత్ర ఉంది. కొన్నింటికి ఆ బిగువు సడలుతుంది, ఒళ్ళు వదిలి నిద్రపోయినప్పుడు కారుతుంది. ఆపరేషన్ అయిన వెంటనే కావచ్చు, ఏళ్ళ తర్వాత కావచ్చు. నూటికి 5 నుంచి 20 కుక్కల దాకా వస్తుందని లెక్కలు చెప్తాయి. 20 కిలోలు దాటినవాటికి ఎక్కువ, చిన్నవాటికి తక్కువ.

మందులున్నాయి. ఫినైల్‌ప్రొపనోలమైన్ ఆ కండరాన్ని బిగిస్తుంది, కానీ రక్తపోటు పెంచగలదు కాబట్టి గుండె జబ్బున్నవాటికి జాగ్రత్త. ఇంకొకటి ఈస్ట్రియాల్, హార్మోన్ మాత్ర. సింగారికి ఇచ్చింది ఇదే. మొదట రోజూ ఒకటి, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు రెండు రోజులకొకటి. చాలా కుక్కలకి మందు ఎప్పటికీ కావాలి. మనుషుల మాత్రలు మనంతట మనం విరిచి పెట్టకూడదు. నీళ్ళు తగ్గించడం అంతకంటే తప్పు, పాపం దాహంతో చస్తుంది, కారేది ఎలాగూ కారుతుంది. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత నూలుచీర. తొడల మధ్య తడి ఆరకపోతే చర్మం పుండవుతుంది, అందుకని రోజూ తుడిచి చూస్తాం.

ఇక జూలీ మాట. చిన్నాయనా, మన కరియమ్మ గుర్తుందా? దానికి ఆపరేషన్ చేయించలేదు. ఎనిమిదేళ్ళకి గర్భసంచిలో చీము పట్టింది, మూడు రోజుల్లో పోయింది, చింతచెట్టు కింద గుంత తవ్వింది నువ్వే. ఆపరేషన్ కాని ఆడకుక్కలకి వయసయ్యేకొద్దీ ఆ చీము జబ్బు మామూలే. కారేదానికి మాత్ర ఉంది, తుడిచేందుకు గుడ్డ ఉంది. జూలీ 11 కిలోలే కదా, కారడం రాకపోవచ్చు కూడా. బాగా పసితనంలో చేస్తే కారడం పెరుగుతుందని కొందరంటారు, రుజువులు అంత గట్టిగా లేవు. మొదటి ఎదకి ముందా తర్వాతా అని డాక్టర్నే అడుగుదాం. సోమవారం నాకు సెలవు, ఆటో నేనే మాట్లాడతాను.