చీములో మందుని ఎవరు తింటున్నారు?



ఎడ్లపాడు దగ్గర మా యానాది కాలనీలో మందు పని చెయ్యకపోతే అందరిదీ ఒకటే మాట, "ఒంటికి అలవాటైపోయింది". మిర్చి కోతలప్పుడు దవడ వాచి, కూలి పోతుందని అమోక్సిసిలిన్ బిళ్లలతోనే నెట్టుకొచ్చిన మా అత్తదీ అదే మాట. మైక్రోబయాలజీ చదువుతున్నా కాబట్టి చెప్తున్నా, అలవాటు పడేది ఒళ్లు కాదు.

పంటి చీములో గాలి తగిలితే బతకని బ్యాక్టీరియా ఉంటాయి. ప్రివోటెల్లా అలాంటిదే. పేగుల్లో ఉండే బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ ఇంకోటి, పేగుకి చిల్లు పడితే కడుపులో చీము పట్టిస్తుంది. ప్రివోటెల్లాలో చాలా, ఫ్రాజిలిస్‌లో దాదాపు అన్నీ బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ తయారుచేస్తాయి. పెన్సిలిన్, అమోక్సిసిలిన్‌లలో నాలుగు పరమాణువుల చిన్న రింగు ఉంటుంది, మందు బలమంతా అందులోనే. ఎంజైమ్ ఆ రింగుని తెంపేస్తుంది. అసలు దొంగపని ఏంటంటే, ఒక్క రకం ఈ ఎంజైమ్‌ని వదిలినా చాలు, మామూలుగా ఆ మందుకి చచ్చే పక్క బ్యాక్టీరియా కూడా దాని చాటున బతికేస్తాయి.

అత్తకి డాక్టరు ముందు చీము తీసేశారు. తర్వాత క్లావులానిక్ యాసిడ్ కలిపిన అమోక్సిసిలిన్ రాశారు. ఆ యాసిడ్ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది, మందు తన పని చేసుకుంటుంది. మెట్రోనిడజోల్ దారి వేరు, గాలి లేని చోటే అది బ్యాక్టీరియాకి విషమవుతుంది.

ఇంకో చిత్రం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన నడిపిన కాలంలోనే, 1948లో, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఆ మందుల్ని పాడుచేసే టెట్ ఎక్స్ అనే జీన్ మొదట దొరికింది కూడా బాక్టీరాయిడ్స్‌లోనే. కానీ ఆ ఎంజైమ్ పనిచెయ్యాలంటే ఆక్సిజన్ కావాలి! అంటే సొంతింట్లో దానికి పనిలేదు. గాలిలో పెరిగే బ్యాక్టీరియాలోకి చేరితేనే ప్రమాదం. 2019లో చైనా నుంచి వచ్చిన రిపోర్టుల్లో అదే జరిగింది, దాని కొత్త రకాలు టైగీసైక్లిన్‌ని కూడా విరగ్గొట్టాయి.

చీము పరీక్షకిచ్చేటప్పుడు ఒకటి అడగండి. దూది పుల్లతో తీసి, మామూలు ప్లేటులో గాలి తగిలేలా పెంచితే ఇవి పెరగవు. రిపోర్టులో "ఏమీ పెరగలేదు" అని వస్తుంది, చీము మాత్రం కంపు కొడుతూనే ఉంటుంది. సిరంజితో లాగి, గాలి చొరకుండా వెంటనే ల్యాబ్‌కి పంపితే ఆక్సిజన్ లేని జార్‌లో పెట్టి పెంచుతారు. "ఆ జార్ మీ దగ్గర ఉందా సార్?" అని అడగడానికి మొహమాటపడకండి.