నాలుగంగుళాల దారి

మా అమ్మ దగ్గు ఇంట్లో ఎవరికీ వినపడదు. తాలింపు వేస్తే ఎవరైనా దగ్గుతారు కదా అని అందరికీ ధీమా. పోయిన వేసవిలో అమలాపురం దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు చూస్తే, చిమ్నీ ఆడుతున్నా అమ్మ దగ్గుతూనే ఉంది. "మరిదెందుకమ్మా?" అంటే, "రొద చేస్తుంది కదే, పనిచేస్తున్నట్టే ఉంటుంది" అని నవ్వింది.

మా నాయనమ్మ వంట పెంకుటింట్లో. కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు పొయ్యిలో పెట్టి గొట్టంతో ఊదేది. పొగ కొంత పెంకుల సందుల్లోంచి పోయేది. పోనిది ఆవిడ కళ్ళల్లోకి, గుండెల్లోకి వెళ్ళేది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. మా నేల కింది గ్యాసు ఆకాశమంత ఎత్తున తగలబడుతున్నప్పుడూ మా ఇంట్లో డొక్కల పొయ్యే. తర్వాత గ్యాసు వచ్చింది, స్లాబు ఇల్లు వచ్చింది. పొగ తగ్గిన మాట నిజమే. కానీ నూనె ఆవిరి, మిరపకాయల ఘాటు పోవడానికి స్లాబుకి సందులుండవు. ఉన్నదల్లా గోడకి నాలుగంగుళాల బెజ్జం ఒక్కటే.

చిమ్నీ నోరు మాత్రం ఆరంగుళాలు. బిగించడానికొచ్చిన కుర్రాడు "ఆయ్, ఈ బెజ్జంలో ఇదే పడుద్దండి" అని ఆరుని నాలుగుకి కుదించి, మడతల అల్యూమినియం గొట్టాన్ని మూడు వంపులు తిప్పి తోసేశాడట. బెజ్జం పెద్దది చేస్తే వీధివైపు గోడ అందం చెడుతుందని నాన్నగారు ఒప్పుకోలేదట. అన్నయ్యేమో ఇంకా పెద్ద మోటారున్న చిమ్నీ కొంటానంటున్నాడు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. నాలుగుకీ ఆరుకీ తేడా రెండంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ గాలి నడిచేది వైశాల్యంలో. నాలుగంగుళాల గొట్టానికి సుమారు 12.5 చదరపు అంగుళాలు, ఆరంగుళాల దానికి 28. సగం కూడా లేదు! అంతే గాలి పోవాలంటే రెండుంపావు రెట్లు వేగంగా పోవాలి. గొట్టం గోడల రాపిడి ఏడు రెట్లు దాటుతుంది. మడతలూ వంపులూ దానికి అదనం. మోటారు అరుస్తుంది, గాలి కదలదు. దారి ఇరుకైతే ఎంత పెద్ద మోటారు తెచ్చినా అరుపే పెరుగుతుంది.

మేస్త్రీని పిలిచి బెజ్జం పెద్దది చేయించాం. నున్నటి ఆరంగుళాల పైపు, ఒక్కటే వంపు. నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వీధిలో పోయేవాళ్ళు ఆ గోడని ఒక్క క్షణం చూస్తారు. అమ్మ దాని వెనక రోజుకి అయిదారు గంటలుంటుంది. ఇన్నేళ్ళూ గోడ ఎవరికోసం కట్టినట్టు?

అయినా లాగుడు చాల్లేదు. చూస్తే పెరటి కిటికీ మూసి, అడ్డంగా బియ్యం డ్రమ్ము. లోపలికి గాలి రాకపోతే బయటికేం పోతుంది? డ్రమ్ము జరిపాం.

విమల 'వంటిల్లు' కవిత మీద సెమినార్లలో ఎన్నిసార్లు మాట్లాడానో. మా వంటింటిని టేపు పెట్టి కొలిచింది మాత్రం ఇదే మొదటిసారి. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు. నలభై ఏళ్ళది, ఒక్క గొట్టంతో పోతుందా? "ఇది ఆడుతోందా అసలు, చప్పుడే లేదు" అని అనుమానంగా ఓ పేపరు ముక్క చింపి చిమ్నీ జల్లెడ దగ్గర పెట్టింది. ఠక్కున అతుక్కుంది. తీసి మళ్ళీ పెట్టింది.

"చూడవే, వదలట్లేదు!"