ఊరేగింపు గుర్రానికి సూది

కౌతాళం పశువుల ఆసుపత్రిలో పొద్దున పూట గొర్రెలు, బర్రెలదే సందడి. నేను పోయిన రోజు వేపచెట్టు కింద ఒక తెల్ల ఆడగుర్రం కూడా ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు పెళ్ళి ఊరేగింపులకు తిరిగే గుర్రమట. ముక్కుల నుంచి నీళ్ళలాంటి చీమిడి కారి, కట్టేసిన గుంజకంతా పూసుకుంది. ‘‘రెండు దినాల నుంచి మేత ముట్టలేదు సార్’’ అన్నాడు యజమాని.

డాక్టరు ముందు గ్లౌజులు తొడుక్కున్నాడు. గుర్రం ముక్కు కారితే గ్లాండర్స్ కూడా అనుమానించాల్సిందే, అది మనుషులకూ అంటుతుంది. దవడ కింద వేళ్ళతో తడిమాడు. గడ్డల్లేవు. జ్వరం 103. హెర్పిస్ కావచ్చని, ఎందుకైనా మంచిదని శాంపిల్ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపుదామని అన్నాడు.

‘‘గొర్రెలకు వేస్తారు గదా, దీనికి లేదా సూది?’’

ఫ్రిజ్‌లో ఉన్నది గొర్రెల పారుడు రోగం టీకా. ఒక్కసారి వేస్తే మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు. గుర్రాల హెర్పిస్‌కు అంత సుఖం లేదు. టీకా ఉంది, మన దేశపు వైరస్‌తోనే హిసార్ వాళ్ళు చంపిన వైరస్ టీకా తయారుచేశారు. చూడి గుర్రానికి అయిదు, ఏడు, తొమ్మిదో నెలల్లో వేస్తారు, ఈసుకుపోకుండా. మామూలు గుర్రానికైతే మొదట రెండు డోసులు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి.

ఇంత చేసినా జబ్బు రాదని రాసివ్వలేరు. ఈ వైరస్ మొదట ముక్కు లోపలి పొరలో దిగుతుంది, అక్కడి నుంచి తెల్లకణాల్లో దూరి ఒళ్ళంతా తిరుగుతుంది. కణం లోపల దాక్కున్నదాన్ని యాంటీబాడీలు ముట్టుకోలేవు. పట్టుకోవాల్సింది టి-కణాలు, చంపిన వైరస్ టీకా వాటిని పెద్దగా లేపదు. పైగా ఒకసారి సోకితే వైరస్ నరాల ముడుల్లో జీవితాంతం పడుంటుంది. దూర ప్రయాణమో, బ్యాండు మోతో, ఇంకో జబ్బో వస్తే మళ్ళీ లేస్తుంది. టీకా చేసేదల్లా జబ్బు తీవ్రత తగ్గించడం, ముక్కు నుంచి బయటికొచ్చే వైరస్‌ను తగ్గించడం. నా లెక్కలో రెండోదే పెద్ద లాభం: అది పక్క గుర్రానికి దక్కుతుంది. కానీ పక్కవాడి గుర్రం కోసం డబ్బు పెట్టేదెవరు?

2021లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో పోటీలకొచ్చిన గుర్రాల్లో ఇదే వైరస్ చెలరేగింది. యూరప్‌లో చాలాచోట్ల పోటీలు ఆపేశారు. ఎంతో ఖరీదైన గుర్రాలకే అది తప్పలేదు. అందుకే మన దగ్గర సూది కంటే ముందు జబ్బు గుర్రాన్ని దూరంగా కట్టడం, బకెట్టు వేరుచేయడం జరగాలనిపిస్తుంది.

డాక్టరు కూడా అదే చెప్పాడు. మూడు వారాలు బయటికి తీసుకుపోవద్దన్నాడు. జ్వరంలో ఉన్నప్పుడు టీకా వేయరు, కోలుకున్నాక చూద్దామన్నాడు.

‘‘వచ్చే వారం మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నా సార్!’’ అంటూనే యజమాని ఆదోనికి ఫోన్ కలిపాడు, ఇంకొకరి గుర్రాన్ని అడగడానికి.

‘‘దాన్ని తెచ్చి మాత్రం దీని పక్కన కట్టేవు’’ అన్నాడు డాక్టరు. ‘‘దీని కళ్ళెం దానికి తగిలించొద్దు.’’