తేలిక కవచము

మేము కంచన్‌బాగు వాసులము. 1970లో స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ వారి క్షిపణులచేతను, 1973లో నేర్పడిన మిశ్రధాతు నిగమమువారి లోహములచేతను మా పేట ప్రసిద్ధి కెక్కినది. ఇట్టిచోట పెరిగినను, కవచ మెంత బరువైన నంత మేలని మేము నమ్మియుంటిమి. ఆ నమ్మక మొక్క దినమున నెట్లు చెదరెనో చదువరులకు విన్నవింతుము.

గత దసరా సెలవులలో మేమైదుగురము ఎయిర్‌సాఫ్ట్ ఆడుటకై నగరమునందలి యొక యాటశాలకు పోయితిమి. ఈ యాట 1970వ దశకమున జపాను దేశమున పుట్టినది. తుపాకి బొమ్మదే కాని గుండు నిజముగనే తగులును. ఆ ప్లాస్టిక్ గుండు 6 మిల్లీమీటర్ల లావు, సాధారణముగా 0.20 గ్రాముల బరువు. సెకనుకు 100 మీటర్ల వేగమున వచ్చినచో దాని శక్తి ఒక జౌలు. వంటికి చురుక్కుమనును, కంటికైనచో చూపే పోవచ్చును. దెబ్బతిన్నవాడు తానే చేయెత్తి తొలగుట యీ యాటకు ప్రాణము.

ఆట యిరుకుగదులలోనిది. మేమో, దండయాత్రకు వెడలినట్లు, జేబులు గల దళసరి చొక్కాలు, శిరస్త్రాణములు, పొడవు తుపాకులు, ఒక్కొక్కరి కారేసి గుండ్లపెట్టెలు ధరించితిమి. తుపాకిగొట్టము ద్వారబంధమునకు తగులుకొని, మాకంటె ముందే మా రాకను చాటుచుండెను. పావుగంటలో చెమటచే తడిసితిమి. కళ్లద్దములు ఆవిరి పట్టెను. మాలో నొకడు తుడుచుకొనుటకై వానిని నుదుటిపైకి నెట్టెను. ఆ క్షణముననే యొక గుండు వచ్చి, కంటి కొక్క వ్రేలెడు పైన, కనుబొమ్మపై తగిలెను. కాల్చినవాడు వాని తమ్ముడే. తుపాకి పారవైచి అన్నను పట్టుకొని యేడ్చెను.

ఆ సాయంకాలము పెదనాన్నగారు మమ్ము కోపింపలేదు. ఆయన యిచటి లోహశాలలో చిరకాలము పనిచేసినవారు. గాయపడినవాని సరంజామా నంతయు తక్కెడపై పెట్టించిరి. తొమ్మిది కిలోలు తూగెను. "ఇందులో కంటిని కాచున దేదిరా?" అనిరి. కళ్లద్దములు మాత్రము పెట్టితిమి. ముల్లు కదిలినట్లే లేదు. "మిగిలిన బరువే దీనిని తీయించినది," అనిరి. భాభా అణు పరిశోధన కేంద్రమువారి పరిజ్ఞానముతో మిధానివారు చేయు భాభా కవచమును తలచి, "నిజమైన గుండు నాపవలసినవారే బరువు తగ్గింప పాటుపడుచుండగా, మీకీ మోత యేలరా?" అనిరి. మేము తలవంచుకొంటిమి.

మరుమారు పోయినప్పుడు మొదట కళ్లద్దములనే యెన్నుకొంటిమి: పాలీకార్బొనేటువి, ముఖమున కంటుకొనునవి, గాలి యాడునవి. జాలివి వలదంటిమి, దగ్గరి గోడకు తగిలి పగిలిన గుండు ముక్కలు జాలి సందులగుండ దూరగలవు. పండ్లకు మాత్రము క్రిందిముఖమును కప్పు జాలిముసుగు తీసికొంటిమి. పలుచని నిండుచేతుల నూలుచొక్కా, బట్ట చేదొడుగులు, మడమలు కప్పు మెత్తనియడుగుల జోళ్లు, పొట్టి తుపాకి, రెండే గుండ్లపెట్టెలు—ఇంతియే. మాలో మే మొక నియమము చేసికొంటిమి: అద్దములకు ఆవిరి పట్టినవాడు వానిని తాకక, దెబ్బతిన్నవానివలె చేయెత్తి వెలుపలికి పోవలెను.

ఆ నియమమును మొదట పాటించినవాడు కనుబొమ్మపై మచ్చ గలవాడే. గెలుపు చేతికందు వేళ వాడు చేయెత్తి వెడలిపోయెను. మే మోడితిమి. ఇంటికి వచ్చుదారిలో ఆ యోటమిని గూర్చి మాలో నొక్కడును నొచ్చుకొనలేదు.