ఆ వైరస్ ఎవరు తెచ్చినట్టు?

రక్త క్యాన్సర్‌కు మా తమ్మునికి ముంబైలో మూలుగ మార్పిడి చేసిన నలభై మూడో రోజున, రక్తంలో వైరస్ లేచిందన్నారు డాక్టర్లు. ఆ సాయంత్రానికే షోలాపూర్‌లో మా వాడ తీర్పు చెప్పేసింది: మా మరదలే ఏదో తినబెట్టి ఉంటుందని. ఒకరు పెరుగన్నారు, ఒకరు బయటి చాయ్ అన్నారు. "ఆడదానికి శుభ్రం లేకుంటే గంతే" అని సాంచాల చప్పుడులో కూడా వినపడేటట్టు అన్నారు.

మూలకణాలు ఇచ్చింది నేను. అయిదు రోజులు సూదులు వేసి, చేతి నరంలోంచి రక్తం తీసి, మిషన్‌లో కణాలు వేరుచేసి, మిగిలింది మళ్లీ నాకే ఎక్కించారు. (ఎముక కోస్తారని భయపడేవాళ్లకు ఇది చెప్తుంటాను.) అందుకే నేను డాక్టరమ్మను నేరుగా అడిగిన, అది నా రక్తంలోంచి పోయిందా అని.

ఆ వైరస్ పేరు సైటోమెగాలో. మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉంటుందట. చిన్నతనంలోనే తల్లి పాలతోనో, ఎంగిలితోనో చేరుతుంది. జ్వరంలా వచ్చి తగ్గుతుంది, తెలియను కూడా తెలియదు. కానీ ఒళ్లు విడిచిపోదు, మూలకు నక్కి ఉంటుంది. మన రక్షణ కణాలు దాన్ని లేవనియ్యవు. మార్పిడికి ముందు ఇచ్చే గట్టి కీమో ఆ కణాలనే తుడిచేస్తుంది. నావి పోయి కుదురుకున్నా, కొత్తగా చేరినవాడికి సాంచ మీద చెయ్యి తిరగాలంటే నెలలు పట్టినట్టే వాటికీ పడుతుంది. పైగా నా కణాలు వాడి ఒంటి మీద తిరగబడకుండా ఇచ్చే మందులు వాటిని ఇంకా అణిచి ఉంచుతాయి. ఆ సందులో పాతది లేస్తుంది. "తమ్ముడి ఒంట్లో ఎప్పటి నుంచో ఉన్నదే అయ్యుంటుంది, తిండితో వచ్చింది కాదు" అన్నదామె. వేరే క్రిములు తిండితో వస్తాయి, జాగ్రత్త పడాల్సిందే. ఇది మాత్రం ఆ లెక్కలోది కాదు.

వాడలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ వారం వాడికి జ్వరం లేదు, దగ్గు లేదు. "మంచిగనే ఉన్న కదా, ఈసారి పరీక్ష వద్దు, ఇంటికి పోదాం" అని మొండికేసిండు. గది కిరాయి, వారం వారం ఆ పరీక్ష ఖర్చు చూసి నాకూ గుండె జారింది. మరదలే ఒప్పుకోలేదు. "నూరు రోజులన్నరు వదినా, నూరు రోజులుందాం" అని పుస్తెల గొలుసు కుదువ పెట్టింది. ఊపిరితిత్తులకో, పేగులకో పాకకముందే వైరస్ దొరికిందంటే ఆ పరీక్ష వల్లనే.

గాన్‌సైక్లోవిర్ సూది రోజుకు రెండుసార్లు ఎక్కించారు. ఆ మందు తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది, అందుకని మాటిమాటికి రక్తం తీసేవాళ్లు. తర్వాత గోళీలిచ్చారు. మూడు వారాలకు పరీక్షలో వైరస్ కనపడలేదు. అమ్మవారు పోసినప్పటి వైరస్ కూడా అట్లనే నక్కి ఉండి సర్పిలా లేవవచ్చని, దానికి వేరే గోళీలు నెలల తరబడి నడుస్తున్నాయి.

గొలుసు ఇంకా విడిపించలేదు. పెరుగన్నావిడ మొన్న ఇంటికొచ్చి, తమ్మునికేం పథ్యమని మరదలినే అడిగింది. మరదలు చాయ్ పెట్టి ఇచ్చి, గోళీల డబ్బా తెచ్చి ఆమె ముందర పెట్టింది.